ముందు నిలుపుకోవడం నేర్చుకుందాం, తగ్గడం తర్వాత

బరువు తగ్గించే ప్రకటనల్లో సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి: ఎన్ని కిలోలు, ఎన్ని రోజులు. ఏడాది తర్వాత ఆ మనిషి బరువెంత అనే మూడో అంకె మాత్రం దాదాపు కనిపించదు. అడగాల్సింది ఆ అంకెనే. నోరు కట్టేసుకుని రెండు మూడు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. పోయిన బరువు తిరిగొచ్చాక వాళ్లు ‘నాకే కంట్రోల్ లేదు’ అని తమను తాము తిట్టుకుంటుంటే బాధేస్తుంది. ఆ తిట్టు నిజంగా పడాల్సింది వాళ్లకు అమ్మిన ప్లాన్‌కి.

బరువు వేగంగా పడిపోతుంటే శరీరానికి అది కరువులాగే ఉంటుంది. అందుకే శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. అమెరికాలో ఒక టీవీ బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు అప్పటికి 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల శరీరం ఖర్చు చేసే కేలరీలు, ఆ బరువుకు ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 తక్కువగానే ఉన్నాయి. ఆకలి సంగతి ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో బయటపెట్టారు. పది వారాల కఠిన డైట్‌తో బరువు తగ్గినవాళ్లలో ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఏడాది తర్వాత కూడా ముందుకంటే ఎక్కువగా ఉంది. ఇక చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ తక్కువగా ఉంది. ఏడాది పొడవునా లోపలి నుంచి ఆకలి తరుముతుంటే, ఒక్క పట్టుదలతో ఆపుకోమనడం అన్యాయం.

మరి ఏ డైట్ మంచిదంటారా? ఆ చర్చకు మనం ఇచ్చే సమయం చాలా ఎక్కువ. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 609 మంది పాల్గొన్నారు. ఏడాదిలో కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి ఏది కుదిరితే అది.

ఇంతకంటే ఎంతో ఎక్కువమందికి తెలియాల్సింది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మికేలా కీర్నన్ బృందం చేసిన ప్రయోగం. 2012లో వెలువడిన ఆ అధ్యయనంలో అధిక బరువున్న 267 మంది మహిళలను రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందం అందరిలాగే ముందు 20 వారాలు బరువు తగ్గి, తర్వాత 8 వారాలు దాన్ని నిలుపుకోవడం నేర్చుకుంది. రెండో బృందానికి వరస తిప్పేశారు. మొదటి ఎనిమిది వారాలు బరువు తగ్గొద్దని చెప్పారు. ఉన్న బరువులోనే, రెండు కిలోలకు మించి అటూ ఇటూ పోకుండా ఉండటం ఎలాగో నేర్పారు. ఇష్టమైనది కొంచెంగా, తప్పు చేస్తున్నామన్న భావన లేకుండా ఆస్వాదించడం, సెలవులకు వెళ్లేముందు కాస్త తగ్గి ఉండటం లాంటివి. తర్వాతే తగ్గడం మొదలుపెట్టారు. 28 వారాలయ్యేసరికి రెండు బృందాలూ సగటున ఎనిమిది కిలోల దాకా తగ్గాయి. తేడా ఏడాది తర్వాత తేలింది. ముందు తగ్గి తర్వాత నిలుపుకోవడం నేర్చుకున్నవాళ్లు మూడు కిలోలకు పైగా తిరిగి పెరిగారు. ముందే నేర్చుకున్నవాళ్లు పెరిగింది ఒకటిన్నర కిలోనే.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను. తగ్గాలనే టెన్షన్ లేనప్పుడు మనిషి తన తిండిని ప్రశాంతంగా గమనించగలుగుతాడు. ఏ పూట అతిగా తింటున్నానో, ఎవరితో ఉంటే అదుపు తప్పుతున్నానో తెలుస్తుంది. ఇరవై వారాలు కడుపు మాడ్చుకుని అలసిపోయినవాడికి ఆ పాఠం చెబితే వినే ఓపిక ఎక్కడుంటుంది? ఇంతకాలం మనం చేస్తున్నది అదే.

నిలుపుకున్నవాళ్లు రోజూ ఏం చేస్తారో చెప్పే రిజిస్టర్ ఒకటి అమెరికాలో ఉంది. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ దాన్ని మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలుపుకున్నవాళ్లనే అందులో చేర్చుకుంటారు. వాళ్లలో నలుగురిలో ముగ్గురు వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. పదిమందిలో తొమ్మిదిమంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేస్తారు. ఇది గెలిచినవాళ్ల జాబితా కాబట్టి, ఈ పనుల వల్లే వాళ్లు గెలిచారని రుజువు చేయదు. అయినా బరువు చూసుకోవడంలో నాకు పెద్ద తర్కం కనిపిస్తుంది. రెండు కిలోలు పెరిగినప్పుడే పట్టుకోవడం, పది పెరిగాక పట్టుకోవడం ఒకటి కాదు. గంట వ్యాయామం అంటే కంగారు పడొద్దు. వాళ్లలో ఎక్కువమంది చేసేది నడకే. భోజనం తర్వాత పది నిమిషాల నడకతో మొదలుపెట్టినా చాలు.

అలవాటు 21 రోజుల్లో పడిపోతుందన్న మాట నమ్మినవాళ్లు 22వ రోజున నిరాశపడతారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో, కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులదాకా అని అంచనా వేశారు. మధ్యస్థంగా 66 రోజులు. నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా తేలింది. ఒక్కపూట గాడి తప్పగానే ‘ఇక ఈ నెల పోయినట్టే’ అని వదిలేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో ఏముందన్నది కూడా ముఖ్యం. కెవిన్ హాల్ 2019లో ప్రచురించిన మరో ప్రయోగంలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు అలా ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. ఇష్టమైనంత తినమన్నారు. మొదటి రకం తిన్నప్పుడు రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు. కాబట్టి ప్యాకెట్ ముందు కూర్చుని నిగ్రహం చూపడం కంటే, ఆ ప్యాకెట్ ఇంట్లోకి రాకుండా చూసుకోవడం తేలిక. అది ఇంటిల్లిపాదీ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. బరువు తగ్గాలనుకునే ఒక్కరి ముందు మిగతావాళ్లంతా చిప్స్ తింటూ, ఆ మనిషి తినగానే వేలెత్తి చూపడం దయలేని పని. నిద్ర కూడా ఇంటివాళ్లు కాపాడాల్సినదే. ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోయే 80 మందితో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో గంటకు పైగా ఎక్కువ పడుకున్నవాళ్లు, ఏ డైట్ చెప్పకపోయినా, రోజుకు 270 కేలరీల దాకా తక్కువ తిన్నారు.

లక్ష్యం కూడా చిన్నదిగా ఉండొచ్చు. షుగర్ వచ్చే ప్రమాదమున్న 3,234 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి వ్యాయామం, ఇదే వాళ్లలో ఒక బృందానికి పెట్టిన లక్ష్యం. ఆ మార్గంలో వెళ్లినవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 90 కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోల పైచిలుకు. అద్దంలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు కానీ, లోపల జరిగే మేలు చాలా పెద్దది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లను నేను కోరేది ఒక్కటే. మొదటి ఎనిమిది వారాలు కిలోలు తగ్గించే ప్రయత్నం పక్కనపెట్టండి. వారానికోసారి బరువు చూసుకుంటూ, నడక, నిద్ర, ఇంట్లోకి వచ్చే సరుకులు, ఈ మూడింటినీ దారిలో పెట్టండి. ఉన్న బరువు కదలకుండా ఉంటే అప్పుడు పళ్లెంలో కొంచెం తగ్గించండి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు మొదలుపెట్టేముందే డాక్టర్‌తో మాట్లాడాలి. బరువు తగ్గేకొద్దీ ఆ మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు.