నల్ల నువ్వుల పేచీ

(సింగపూర్‌లో కొడుకు ఫ్లాట్. డిసెంబరు 21, చైనీయుల డోంగ్‌జీ పండగ. వంటగదిలో అన్నపూర్ణ తెల్లటి పిండి తడుపుతోంది. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ విశ్వనాథం కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చారు.)

విశ్వనాథం: ఏంటే అది, సున్నమా?

అన్నపూర్ణ: జిగురు బియ్యప్పిండి. పక్కింటి చైనావిడ టాంగ్‌యువాన్ అనే తీపి ఉండలు చెయ్యడం నేర్పింది.

విశ్వనాథం: ఆవిడకి ఇంగ్లీషు రాదు, నీకు చైనీసు రాదు. ఎలా నేర్పింది?

అన్నపూర్ణ: సైగలతో. మీకు నలభై ఏళ్ళు తెలుగులోనే చెప్పాను, ఏం నేర్చుకున్నారు?

విశ్వనాథం: మనం తెచ్చుకున్న బియ్యప్పిండి డబ్బాడుంది కదా. మళ్ళీ ఇదెందుకు కొనడం?

అన్నపూర్ణ: దాంతో చేస్తే ఇలా సాగదు, నమలడానికి ఇంత మెత్తగానూ ఉండదు.

విశ్వనాథం: అవునవును. స్టార్చ్‌లో రెండు రకాలు. మన బియ్యంలో అమైలోజ్ కూడా ఉంటుంది. జిగురు బియ్యంలో దాదాపు అంతా రెండో రకం, అమైలోపెక్టినే. అందుకే ఆ బంక.

అన్నపూర్ణ: అంత తెలిసినవారు సున్నమని ఎందుకన్నారు?

(చిన్న పిండిముద్ద తుంచి, మరిగే నీళ్ళలో ఉడికించి, తీసి మళ్ళీ పచ్చిపిండిలో వేసి పిసికింది.)

విశ్వనాథం: అదేంటే! ఉడికినదాన్ని పచ్చిదాంట్లో కలిపేశావు?

అన్నపూర్ణ: కలిపితేనే పిండి సాగుతుంది. లేకపోతే ఉండ చుట్టేటప్పుడు పగుళ్ళిస్తుంది.

విశ్వనాథం: ఓహో, వేడికి స్టార్చ్ నీళ్ళు పీల్చుకుని...

(లెక్చరర్లు రిటైరైనా గంట కొట్టేదాకా ఆగరు.)

అన్నపూర్ణ: క్లాసు తర్వాత చెబుదురుగాని, ఫ్రీజర్లో గిన్నె ఇలా ఇవ్వండి.

విశ్వనాథం: నల్ల నువ్వులా! పండగపూట ఫలహారమా, తద్దినమా?

అన్నపూర్ణ: వేయించి, పంచదారతో పొడి కొట్టి, నెయ్యితో ఉండలు చేశాను. గడ్డకడితేనే పిండిలో పెట్టి మూయడానికి వీలవుతుంది.

విశ్వనాథం: ఆవిడ కూడా నెయ్యే వేస్తుందా?

అన్నపూర్ణ: వాళ్ళు... పంది కొవ్వు వేస్తారట.

విశ్వనాథం: (గిన్నె ఠక్కున కింద పెట్టి) శివశివా! ఇది కూడా సైగలతోనే చెప్పిందా?

అన్నపూర్ణ: ఆఁ, ముక్కు పైకి నొక్కి చూపించింది. మనది నెయ్యే, కావాలంటే వాసన చూసుకోండి.

(ఆయన నిజంగానే చూసుకున్నారు, రెండుసార్లు. ఈలోగా ఉండలు నీళ్ళలో పైకి తేలాయి. ఇంకో నిమిషం ఉంచి, తీసి, సువాసనకి పాందాన్ ఆకు వేసి విడిగా కాచిన అల్లం పాకంలోకి జార్చింది.)

అన్నపూర్ణ: ఆగండి, లోపల నెయ్యి కరిగి...

విశ్వనాథం: హా! హూ! నాలుక!

అన్నపూర్ణ: చెప్పేది వింటేగా.

విశ్వనాథం: ఊఁ... ఇంకోటెయ్యి.

అన్నపూర్ణ: తద్దినం అన్నారుగా?

విశ్వనాథం: నువ్వులు శనిదోషానికి మంచివే. శాస్త్రంలో ఉంది.

అన్నపూర్ణ: వాళ్ళ శాస్త్రంలో ఇంకోటుంది. ఈ రోజు ఇవి తింటే వయసు ఒక ఏడు పెరిగినట్టేనట.

విశ్వనాథం: (చెంచా గాల్లో ఆపి) ఉండకో ఏడా, మొత్తానికి ఒకటేనా?

అన్నపూర్ణ: మొత్తానికే.

విశ్వనాథం: అయితే ఎన్ని తిన్నా ఒకటే! ఆ గిన్నె ఇలా తోయి.

అన్నపూర్ణ: ఏడు సంగతి సరే. మీ షుగరు మాత్రం ఉండకి ఉండ లెక్కే!