ఏ కోర్సుకి స్కోప్ ఉందో నాకూ తెలీదు

పరీక్షల ఫలితాలు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల పిల్లలు, స్నేహితుల పిల్లలు, ఒక్కోసారి ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న. "సైన్స్‌లో ఇప్పుడు దేనికి స్కోప్ ఉంది?" మొన్న మా అక్క కూతురూ అదే అడిగింది. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈసారి ఉన్నమాట చెప్పేశాను. నాకు తెలీదమ్మా. తెలుసని చెప్పేవాళ్లకీ తెలీదు.

వినయం కొద్దీ అన్న మాట కాదిది. ఒకప్పుడు నేనూ ఇదే ప్రశ్న అడిగాను, వచ్చిన జవాబు నమ్మాను, బయోటెక్నాలజీలో చేరాను. 2000 జూన్‌లో మానవ జన్యుక్రమం తొలి ముసాయిదా సిద్ధమైందని ప్రకటించారు. 2003లో ఆ ప్రాజెక్టు ముగిసింది. ఆ రోజుల్లో ఏ పేపర్ తెరిచినా, ఏ సార్‌ని కదిపినా "ఈ శతాబ్దం బయాలజీదే" అనేవాళ్లు. అది అబద్ధమూ కాదు. రంగం నిజంగానే పెరిగింది. అది పెరిగిన చోట నేను లేను, అంతే.

జన్యుక్రమం చదివే పని యంత్రాలు తీసుకున్నాయి. అవి గుట్టలుగా డేటా కుమ్మరిస్తాయి. ఆ గుట్టలోంచి అర్థం లాగడానికి స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు, ప్రోగ్రామ్ రాయగలిగినవాళ్లు కావాలి. మేమేమో మూడేళ్లూ బొమ్మ గీసి భాగాలు గుర్తించాం. మా కాలేజీలో పీసీఆర్ మెషీన్ (డీఎన్‌ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే యంత్రం) ఉండేది, అద్దాల బీరువాలో. తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించేవారు. మేమూ ఆ అద్దంలోంచే చూశాం. తర్వాత ఒక బయోటెక్ కంపెనీ ఇంటర్వ్యూలో నా పక్కన కూర్చున్న కుర్రాడిది సాదాసీదా స్టాటిస్టిక్స్ డిగ్రీ. ఉద్యోగం అతనికొచ్చింది. నేను ఇరవై ఏడేళ్ల వయసులో, పగలు ఇంకో పని చేసుకుంటూ, రాత్రిళ్లు ప్రాబబిలిటీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. (బేయస్ సూత్రం రాత్రి పదకొండింటికి బుర్రకెక్కే వస్తువు కాదు. అనుభవంతో చెప్తున్నాను.)

నాకంటే తెలివైనవాళ్లకైనా తెలుసేమో అంటారా? జెఫ్రీ హింటన్ సంగతి చూడండి. నేటి ఏఐకి పునాదులు వేసినవాళ్లలో ఒకరు, 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు. ఆయనే 2016లో, ఇకమీదట రేడియాలజిస్టులకి, అంటే స్కాన్లు చదివే డాక్టర్లకి, శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు. ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో, కంప్యూటర్ వాళ్లను మించిపోతుందని లెక్క. స్కాన్లు చదవడంలో కంప్యూటర్లు బాగానే ముందుకెళ్లాయి. రేడియాలజిస్టులు మాత్రం ఇప్పటికీ ఉన్నారు, ఇప్పటికీ కావాలి. మాట మరీ విశాలంగా అనేశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఆ రంగాన్ని తయారుచేసిన మనిషికే దాని పోకడ అందకపోతే, అడ్మిషన్ల కరపత్రంలో "రేపటి కోర్సు" అని రాసినవాళ్లకి అందుతుందా? ఇంకో తమాషా ఏమిటంటే, హింటన్ డిగ్రీ చేసింది కంప్యూటర్ సైన్స్‌లో కాదు, ప్రయోగాత్మక సైకాలజీలో.

అలాగని కళ్లు మూసుకుని దేంట్లోనో ఒకదాంట్లో చేరిపొమ్మని అనడం లేదు. జోస్యం పక్కన పెట్టి చూసినా కొన్ని కంటికి కనిపిస్తాయి. నాకు బాగా ఆలస్యంగా కనిపించినదొకటి ఉంది. కొన్ని సబ్జెక్టుల నుంచి పక్కదానికి దూకడం తేలిక, కొన్నింటి నుంచి కష్టం. ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్లు తర్వాత బయాలజీలోకి వెళ్లిన దాఖలాలు బోలెడు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ డిగ్రీ ఫిజిక్స్‌లోనే. వెంకీ రామకృష్ణన్ 1976లో ఫిజిక్స్ పీహెచ్‌డీ ముగించి, మళ్లీ విద్యార్థిగా కూర్చుని బయాలజీ నేర్చుకున్నారు. కణాల్లో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద చేసిన పనికి 2009లో నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో. ఎదురు దిక్కున, బయాలజీ నుంచి లెక్కల్లోకి నడిచినవాళ్లు నాకైతే చాలా తక్కువమంది తారసపడ్డారు. లెక్కలు కుర్రతనంలో, పక్కన ఎవరో ఒకరు కూర్చుని తప్పులు దిద్దుతుంటే వస్తాయి. కోడింగ్ వీడియోలు చూసి కూడా నేర్చుకోవచ్చు. అందుకే కాలేజీలో గడిపే ఆ కొన్నేళ్లూ, తర్వాత ఒంటరిగా నేర్చుకోలేని వాటి మీద పెట్టాలంటాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ అనే పాత పేర్లు మనకి పెరటి చెట్లయిపోయాయి. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్. రావు గారు మ్యాథ్స్ చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం దొరకలేదు. అక్కడ కలిసిన ఒకతని ద్వారా స్టాటిస్టిక్స్ శిక్షణ సంగతి తెలిసి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన రాసిన వ్యాసంలోని ఫలితమే ఈనాటికీ ప్రపంచమంతా చదువుకునే క్రామర్–రావు బౌండ్, అంటే డేటా నుంచి వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు. స్టాటిస్టిక్స్‌కి స్కోప్ ఉందని లెక్కలేసుకుని రైలెక్కలేదాయన. లెక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టి దారి కనబడగానే అందులోకి తిరగగలిగారు.

కొత్త పేర్లతో వచ్చే కోర్సుల మీద నాకు కోపం ఇందుకే. నానో అట, ఫోరెన్సిక్ అట, ఏదో ఒకదానికి తోక తగిలించి "విత్ ఏఐ" అట. అన్నీ మోసమనను, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ పదిహేడేళ్లకే సందులోకి దూరితే వెనక్కి తిరగడానికి చోటుండదు. కోర్సు పేరు చూడకండి, సిలబస్ చూడండి. ల్యాబ్ ఎన్ని గంటలో చూడండి. మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి వెళ్తే హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే యంత్రం) వచ్చా అని అడుగుతారు. దాన్ని స్వయంగా నడిపి, వచ్చిన గ్రాఫ్ చదవగలిగిన కెమిస్ట్రీ పిల్లకి ఆ ప్రశ్న తేలిక. రికార్డు పుస్తకంలో సీనియర్ లెక్కలు ఎక్కించుకున్న పిల్లకి కాదు. రెండేళ్ల కిందట అదే కోర్సు ముగించినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని వెతికి పట్టుకోండి. కరపత్రం మీద నవ్వుతున్న టాపర్‌ని వద్దు, మధ్య మార్కుల పిల్లల్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తున్నావని అడగండి.

ఇక రెండో గుంపు ఉంది, వీళ్లతో ఇంకా కష్టం. "స్కోప్ గీప్ పక్కన పెట్టు, ఇష్టమైంది చదువు" అంటారు. గమనించండి, ఈ మాట అనేవాళ్లు దాదాపు అందరూ స్థిరపడినవాళ్లే. ఇల్లు గడవాలి కాబట్టి స్కోప్ అడిగే పిల్లని చిన్నచూపు చూడ్డానికి వీళ్లెవరు? పైగా ఆ వయసులో ఇష్టం అనుకునేది సగంసార్లు ఆ సబ్జెక్టు చెప్పిన టీచర్ మీద ఇష్టం. కేటలిన్ కరికో కథ వీళ్లు తెగ షేర్ చేస్తారు. కోవిడ్ టీకాలకి దారి తీసిన ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధనని నమ్ముకుని నోబెల్ కొట్టింది చూడు, అని. నిజమే, గొప్ప మనిషి. కానీ 1995లో యూనివర్సిటీలో ఆమె హోదా తగ్గించారు. నోబెల్ వచ్చింది 2023లో. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ పోస్టులో ఒక్క వాక్యంలో అయిపోతాయి.

అందుకే ఇష్టం గురించి మాట్లాడేముందు ఏళ్లు లెక్కపెట్టమంటాను. పరిశోధన చేయాలంటే డిగ్రీతో అయ్యే పని కాదు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, ఆ తర్వాత కూడా చాలామందికి కొన్నేళ్లు కాంట్రాక్టు మీద పోస్ట్‌డాక్. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్ట్ ఉంటారు. చాలామంది ఫిజిక్స్ పిల్లలకి అలాంటి ఉద్యోగం ఉందనే తెలీదు. మంచి పని, కానీ దానికీ పీజీ, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ కావాలి. ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవలసిన ప్రశ్న ఇదీ: ఈ దారిలో జీతం ఎన్నో ఏట మొదలవుతుంది, అందాకా ఖర్చు ఎవరు మోస్తారు? మా ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. వేసుంటే నేను పీహెచ్‌డీ మధ్యలో ఆపేవాణ్ణి కాదేమో, లేదా అసలు మొదలుపెట్టేవాణ్ణే కాదేమో.

మా మేనకోడలికి ఇదంతా ఫోన్లో చెప్తే, ఓపిగ్గా విని, "అయితే ఏం చేరమంటావ్ మావయ్యా?" అంది మళ్లీ. రెండు సిలబస్‌లు డౌన్‌లోడ్ చేసుకుని పక్కపక్కన పెట్టి చదవమన్నాను. ఒకటి డేటా సైన్స్, రెండోది మామూలు స్టాటిస్టిక్స్. మూడు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది.

"మావయ్యా, డేటా సైన్స్‌లో పైథాన్ మూడు సెమిస్టర్లు ఉంది. లీనియర్ ఆల్జీబ్రా ఒక్క యూనిట్టే. అది రాకుండా మిగతావి ఎలా అర్థమవుతాయి?"

కాలేజీకే ఫోన్ చేసి అడగమన్నాను. అడిగిందట. అడ్మిషన్ల దగ్గర కూర్చున్నాయన, "అవన్నీ జాయినయ్యాక చూసుకోవచ్చమ్మా, ముందు సీటు బ్లాక్ చేసుకోండి" అన్నాడట.