డాబా మీద 37 చుక్కలు

వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని అమెరికా నుంచి విశాఖపట్నం వచ్చే మనవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే. "అక్కా, ఈ రెండు నెలల్లో మావాడికి కాగ్యాట్ ప్రాక్టీస్ చేయించేవాళ్లు అక్కడ ఎవరైనా ఉన్నారా?" కాగ్యాట్ అంటే అమెరికా బడుల్లో ప్రతిభ ఉన్న పిల్లల్ని ప్రత్యేక ‘గిఫ్టెడ్’ తరగతికి ఏరడానికి పెట్టే పరీక్ష. టెక్సాస్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో, అలాంటి గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్ తరగతిలో ఆరేళ్లు సహాయ టీచరుగా చేశాను కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. అత్తగారిని చూసుకోవడానికి మేం ఇక్కడికి వచ్చేసి నాలుగేళ్లయింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. అడిగినవాళ్లందరికీ లేరనే చెబుతున్నాను. ఎందుకలా అంటున్నానో ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

కాగ్యాట్‌లో మూడు భాగాలుంటాయి: మాటలు, అంకెలు, బొమ్మలు. బొమ్మల భాగంలో ఒక కాగితాన్ని మడిచి చిల్లు పెట్టినట్టు చూపిస్తారు. విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో పిల్లవాడు చెప్పాలి. ఆ బొమ్మను మొదటిసారి చూసిన రెండో తరగతి పిల్లవాడు తల పక్కకి వంచి, పెదాలు బిగించి, మనసులోనే కాగితం విప్పుకుంటాడు. ఆ విప్పుకోవడం ఎలా ఉందో చూద్దామని పెట్టిన పరీక్ష అది. ఇంట్లో ఆరు నెలలపాటు రోజూ అవే బొమ్మలు దిద్దించి పంపిస్తే, పరీక్ష చూడాలనుకున్నది ఇక దానికి కనపడదు. మార్కులొస్తాయి. సీటూ రావచ్చు. ఈలోగా ఏడేళ్ల పిల్లవాడికి మాత్రం తన ఆలోచనకి ఒక కటాఫ్ ఉందని తెలిసిపోతుంది.

అక్కడ నేను పనిచేసేటప్పుడు ఒకరోజు వరండాలో ఒక తెలుగు తల్లి ఏడుస్తూ ఇంటికి ఫోన్లో చెప్పుకుంటోంది, బాబుకి రెండు మార్కుల్లో సీటు పోయిందని. ఆ బాబు పక్కనే లంచ్ బ్యాగ్ రెండు చేతులతో పట్టుకుని నిలబడి, తెలుగులో ఆ మాటలన్నీ వింటున్నాడు. మరుసటేడు వాడు పరీక్ష రాయనని బల్ల కింద దూరాడు. ఈ విషయం మీద ఎవరేం అడిగినా నాకు ముందు ఆ లంచ్ బ్యాగే గుర్తొస్తుంది.

అసలు ఆ తరగతి లోపల ఏం జరుగుతుందో మనవాళ్లలో చాలామందికి తెలియదు. పై తరగతి లెక్కలు ముందే చెప్పేస్తారనుకుంటారు. అదీ కొంత ఉంటుంది. కానీ పిల్లలు ఎదురుచూసేది దానికోసం కాదు. కాగితం మీద రెండు వంకర గీతలు గీసి ఇచ్చి, దీన్ని బొమ్మగా పూర్తిచెయ్యి, ఎవరికీ తట్టని పేరు పెట్టు అంటారు. పాల్ టారెన్స్ 1966లో తెచ్చిన సృజనాత్మకత పరీక్షల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఎన్ని ఊహలు వచ్చాయి, ఎన్ని రకాలుగా వచ్చాయి, ఇంకెవరికీ రానివి ఎన్ని, ఎంత వివరంగా గీశారు అన్నవి చూస్తారు. తప్పొప్పుల మాటే ఉండదు. కోడిగుడ్డుకి రక్షణ కట్టి మేడ మీంచి పడేస్తారు. ఎడారిలో బతికే జంతువొకదాన్ని ఊహించి, అది నీళ్లు ఎలా దాచుకుంటుందో చెప్పమంటారు.

ఇదంతా పరీక్ష నెగ్గిన పిల్లలకే ఎందుకివ్వాలి? మిగతా పిల్లలకి గుడ్డు పడేయడం అర్థం కాదా? ఈ రంగంలో పెద్దపేరున్న జోసెఫ్ రెంజుల్లి 1978లోనే ప్రతిభని మూడు వలయాలుగా గీసి చూపించారు: సగటుకి మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలని పట్టుదల. ఈ మూడూ కలిసినచోట పుట్టేదే ప్రతిభ. అందులో రెండింటిని కాగ్యాట్ కొలవదు. ఆయనే తర్వాత రూపొందించిన పద్ధతిలోనైతే కొత్త విషయాలు పరిచయం చేసే కార్యక్రమాలూ, ఆలోచించడం నేర్పేవీ బడిలో పిల్లలందరికీ పెట్టాలి. వాటిలో ఎవరికి మనసు పట్టిందో గమనించి, వాళ్లని ఇంకా లోతుకి పంపాలి. ముందు అందరికీ పెట్టి, తర్వాత గుర్తించాలన్నమాట. మనం దాన్ని తలకిందులు చేసుకున్నాం.

పరీక్ష ఎంత పొరపడగలదో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 1921లో కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఐక్యూ చూసి పదిహేను వందల మందికి పైగా పిల్లల్ని ఏరి, జీవితాంతం గమనించారు. ఆయన పరీక్షలో ఎంపిక కాకుండా ఉండిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ ఒకరు, లూయిస్ ఆల్వరెజ్ ఒకరు. ఇద్దరికీ ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఒకరికి.

ఇక మా డాబా సంగతి.

పెదవాల్తేరులో మా ఇంటి డాబా మీదకి ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా చుట్టుపక్కల పిల్లలు చేరతారు. ఎండెక్కితే కాళ్లు కాలతాయి కాబట్టి తొమ్మిదిన్నరకి ముగించేస్తాం. ఫీజు లేదు, పరీక్ష లేదు. మొన్న జూన్‌లో ఒక ఆదివారం ముగ్గురే వచ్చారు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారమ్మాయి, మునిసిపల్ స్కూల్లో ఐదో తరగతి. ఎదురింటి కుర్రాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వర్క్‌షీట్లు చేయించే ప్రైవేటు బడిలో చదువుతాడు. మూడోవాడు ఆస్టిన్ నుంచి అమ్మమ్మగారింటికొచ్చిన తొమ్మిదేళ్ల బాబు.

ఆ అమ్మాయిని ముగ్గు పెట్టమన్నాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు. ముగ్గు పెట్టడం చూడనివాళ్ల కోసం: నడుమ వరసలో ఏడు చుక్కలు, వాటి సందుల్లోకి వచ్చేలా పైనా కిందా ఆరేసి, ఆ తర్వాత ఐదేసి, చివర నాలుగేసి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని ఆ పిల్ల చకచకా వేసుకుంటూ పోతే, స్కేలు పెట్టి కొలిచినట్టు వచ్చాయి. అప్పుడడిగాను, మొత్తం చుక్కలెన్ని?

ఆస్టిన్ బాబు ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఇరవై రెండు దగ్గర తప్పిపోయి మళ్లీ మొదలెట్టాడు. ఎదురింటి కుర్రాడు వరసల్ని జతలు కలిపాడు: ఏడు, పన్నెండు, పది, ఎనిమిది, మొత్తం 37. ఆ అమ్మాయి వాళ్లిద్దర్నీ చూసి, "అలగెందుకండీ టీచరుగోరూ, నడిమిన సుక్క ఒకటి, సుట్టూ ఆరు రేకులు. రేక్కి ఆరు" అంది. ముగ్గుని పువ్వుగా చూసే కంటికి అది లెక్కే కాదు. ఒకటీ ముప్పై ఆరూ. రేకు అంటే ఒకటి, రెండు, మూడు చుక్కల చిన్న త్రికోణం. నేను చాక్‌పీస్ ఇచ్చి, చిన్న ముగ్గులు కూడా పెట్టి చూడమన్నాను. ఐదు చుక్కలు మూడు వరకు పెడితే 19. మూడు చుక్కలు రెండు వరకు పెడితే 7. ఒక్క చుక్కే పెడితే 1. గోడ మీద రాశారు: 1, 7, 19, 37.

ఆస్టిన్ బాబు, ఎందుకో వాడికే తెలియదు, వాటిని కూడుకుంటూ పోయాడు. 1. ఒకటీ ఏడూ 8. ఎనిమిదీ పంతొమ్మిదీ 27. ఇరవై ఏడూ ముప్పై ఏడూ 64. రాసి వదిలేశాడు, వాడికి అందులో ఏమీ కనపడలేదు. ఎదురింటి కుర్రాడు ఒక్క గెంతు గెంతాడు. "క్యూబ్స్ ఆంటీ! అన్నీ క్యూబ్సే!" వాళ్ల బడిలో ఒకటి నుంచి ఇరవై దాకా ఘనాలు బట్టీ పట్టించారు. అప్పటిదాకా అవి వాడికి ఎక్కాల పుస్తకం చివరి పేజీ మాత్రమే. తర్వాతది 125 రావాలి కాబట్టి, తొమ్మిది చుక్కలు ఐదు వరకు పెడితే 61 ఉండాలని వాడే చెప్పాడు. ఆ అమ్మాయి పెట్టింది. ఒకటీ, ఆరు రేకులూ, రేక్కి పది. 61.

బట్టీ చదువుని నేను తిట్టను. ఆరోజు బట్టీ లేకపోతే 64 అనే అంకె ఎవరికీ కబురు చెప్పేది కాదు. అయితే ఆ పిల్లవాడి ఘనాలకి పని దొరకడానికి ఒక ముగ్గు కావలసొచ్చింది, ముగ్గు పెట్టే పిల్ల కావలసొచ్చింది, ఊరికే కూడుతూ కూర్చునే పిల్లవాడొకడు కావలసొచ్చాడు. ముగ్గురిలో ఏ ఇద్దర్ని ఏరి లోపల కూర్చోబెట్టినా ఆ పొద్దు అక్కడిదాకా వచ్చేది కాదు.

ఎందుకలా ఘనాలే వస్తున్నాయని అడిగితే ముగ్గురూ మౌనం. నేను చెప్పలేదు. టీచరుకి అన్నిటికన్నా కష్టమైన పని అదే, తెలిసిన జవాబుని వారంపాటు నోట్లో పెట్టుకుని కూర్చోవడం. తర్వాతి ఆదివారం ఆస్టిన్ బాబు రూబిక్స్ క్యూబ్ పట్టుకొచ్చాడు. ఒక మూల తనవైపు పెట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చుట్టూ అంచు ఆరు మూలల ముగ్గులాగే ఉంది. కనపడే ముక్కలు లెక్కపెడితే 19. నడుమ లోపల దాగినదాన్నీ కలుపుకుంటే మొత్తం 27లో కనపడకుండా వెనక దాక్కున్నవి 8. "దీని వెనకాల చిన్న క్యూబ్ ఉంది, మీద ముగ్గు కప్పారు" అన్నాడు, సగం తెలుగులో, సగం ఇంగ్లిషులో. ఆ అమ్మాయి క్యూబ్ లాక్కుని తనూ ఒక కన్ను మూసింది.

అందరికీ ఒకే పని ఇస్తే చురుకైన పిల్లలు విసుగెత్తిపోతారని కొందరంటారు. వాళ్లనేదాంట్లో న్యాయం ఉంది. తరగతి మొత్తానికి తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ వినాల్సిరావడం చురుకైన పిల్లకి నిజంగా శిక్షే. అలాంటి పిల్లలకి ప్రత్యేకంగా సమయం ఇవ్వడం అన్యాయమని నేనెప్పుడూ అనను. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ అలాంటి పిల్లల్ని గుర్తించి చదువు చెప్పాల్సిందే, అది ఉండాలి కూడా. కానీ విసుగు పుట్టించేది ఒకే జవాబున్న పని. ముగ్గు లెక్కలో ఒకరు 37 దగ్గర ఆగొచ్చు, ఒకరు ఘనాల దాకా వెళ్లొచ్చు, ఒకరు రూబిక్స్ క్యూబ్ వెనక్కి చూడొచ్చు. ఎవరి లోతు వాళ్లది, కూర్చున్నది మాత్రం ఒకే డాబా.

విశాఖలో పరిస్థితి మనం అనుకున్నంత వేరుగా లేదు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ జంక్షన్లో చూసినా ర్యాంకర్ల ఫ్లెక్సీలే. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. 2020 జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకి అదనపు సామగ్రి, విషయాలవారీగా క్లబ్బులు ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులు ఉండాలంది. మంచి మాటే. ప్రాథమిక తరగతుల్లోనే ఆ పది రోజులు మొదలుపెట్టాలని నేను కోరుకుంటాను. ఒక బడికి వెళ్లి నెలకొక గంట ఇస్తే ఉచితంగా వచ్చి చేయిస్తానంటే, సిలబస్ దెబ్బతింటుందన్నారు. ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

మన దగ్గర సరుకు లేక కాదు. పిల్లల్ని భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి తీసుకెళ్లి, వాననీళ్లు ఏ దారిన పోయి ఉంటాయో గీయమన్నాం. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, 91 మీటర్ల పొడవు, 2002 నుంచి మ్యూజియం. దాన్ని చూపించి, మీ తరగతి మొత్తం ఇందులో నెల రోజులు ఉండాలంటే ఏం తెచ్చుకుంటారు, ఏం వదిలేస్తారు అని అడిగాం. గంటన్నర వాదించుకున్నారు.

అవధానం మనది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం రాకూడదో అడ్డుపడుతుంటాడు. దాన్ని పిల్లల స్థాయికి దించి, ఒక్క ‘స’ని నిషేధించి బీచ్ గురించి చెప్పమన్నాను. సముద్రం పోయింది, ఇసుక పోయింది. కాసేపు తల పట్టుకున్నారు. ఒకమ్మాయి సముద్రాన్ని "కెరటాల ఇల్లు" అంది. ఒకబ్బాయి ఇసుకని "కాళ్ల కింద జారిపోయే పిండి" అన్నాడు. ఆస్టిన్ బాబు అమ్మమ్మని అడగడానికి మెట్లు దిగి పరిగెత్తి, ‘కడలి’ అనే మాట పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చాడు. తెలుగు రావడం లేదని వాళ్లమ్మ దిగులు. ఆ పొద్దు వాడికి తెలుగు మాట అవసరమైంది, అందుకే వచ్చింది.

అమెరికాలో మన తెలుగు సంఘం మహాసభల్లో పిల్లలకి పెట్టేవన్నీ పోటీలే: స్పెల్లింగ్, లెక్కలు, క్విజ్. అవి ఉండనివ్వండి. వాటి పక్కన ఒక్క హాలు మాకివ్వండి. బహుమతులు, ర్యాంకులు వద్దు. ముగ్గుపిండి, అట్టపెట్టెలు, కొబ్బరిపీచు, ఒక డజను గుడ్లు చాలు. గిఫ్టెడ్ సీటు వచ్చిన పిల్లలూ, రానివాళ్లూ కలిసి కూర్చుంటారు. సెలవులకి విశాఖ వచ్చినప్పుడు మాత్రం దయచేసి ప్రాక్టీస్ పుస్తకాలు సూట్‌కేసులో పెట్టకండి. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని మా డాబా మీదకి పంపించండి.

వాచ్‌మన్ గారమ్మాయి ఇప్పుడు ఎదురు చుక్కల మీద పడింది. ఎదురు చుక్కంటే సందుల్లోకి కాకుండా చుక్కకి ఎదురుగా చుక్క, వరసకి రెండు తగ్గిస్తూ ఒకటి వచ్చేదాకా. ఐదు చుక్కలకి 13, ఏడుకి 25, తొమ్మిదికి 41. ఈసారి ఘనాలు రావడం లేదని ఎదురింటి కుర్రాడు ఉడుక్కుంటున్నాడు. మూడు అంకెలూ గోడ మీద చాక్‌పీసుతో రాసి ఉన్నాయి. వాటిని చెరపొద్దని మా అత్తగారికి గట్టిగా చెప్పి వెళ్లారు పిల్లలు.