స్క్రిప్టు తప్పు చేయదా? ఎవరన్నారు?

సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరిగి తిరిగి వస్తోంది. సారాంశం ఇదీ: మనిషి తప్పు చేస్తాడు, స్క్రిప్టు (కంప్యూటర్ తనంతట తాను నడిపేలా రాసిపెట్టే కమాండ్ల చిట్టా) చేయదు. ఒకసారి రాసి క్రాన్‌లో (చెప్పిన వేళకు ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) పడేస్తే ఇక దాని జోలికి వెళ్లనక్కర్లేదు. కాబట్టి సర్వర్లు చూసుకునే అడ్మిన్‌కి జీతం దండగ.

నేను స్క్రిప్టులు రాసుకుని బతికేవాణ్ణే. ఆటోమేషన్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

మొదటి మాటలో సగం నిజం ఉంది. 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థకు జరిగింది చూడండి. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. పెట్టే మనిషి ఒకదాన్ని వదిలేశాడు. ఆ ఒక్క సర్వర్లో ఎప్పుడో వాడకం ఆపేసిన పాత కోడ్ లేచి కూర్చుని, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా ముంచింది. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఇవ్వాల్సిన ఉదాహరణ ఇది, వాళ్ల తరఫున నేనే ఇస్తున్నాను.

మిగతా సగం సంగతి వేరు. 2015 జనవరిలో, లినక్స్‌లో నడిచే స్టీమ్ (వీడియో గేముల యాప్) తాలూకు షెల్ స్క్రిప్టు ఒకటి కొందరి ఫైళ్లన్నీ తుడిచిపెట్టేసింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ (విలువ పెట్టుకునే డబ్బా లాంటిది) ఖాళీగా వచ్చింది, దాని వెనకే స్లాష్, స్టార్, అంటే ‘ఇందులో ఉన్నవన్నీ’ అని. ఇంకేముంది, చెరిపే కమాండ్ రూట్ (ఫోల్డర్లన్నిటికీ మొదలు) నుంచి మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే, ఆ చోట రాసినవాళ్లే ‘భయంకరం!’ అనే అర్థంలో కామెంట్ పెట్టుకున్నారు. స్క్రిప్టులో ‘సెట్ మైనస్ యు’ అనే ఆప్షన్ పెట్టుకుంటే సరిపోయేదిగా అంటారు చాలామంది. సరిపోదు. ఆ ఆప్షన్ పట్టుకునేది అసలు విలువే ఇవ్వని వేరియబుల్‌ని. ఇక్కడ విలువ ఇచ్చారు, కాకపోతే అది ఖాళీ. చెరిపే ముందు ఖాళీయా కాదా అని విడిగా చూసుకోవాల్సిందే.

నెట్‌వర్క్ వైపు ఇంకా టెన్షన్. సిస్కో స్విచ్‌లో ట్రంక్ పోర్టు (చాలా వీలాన్‌లను మోసే పోర్టు) మీద ఉన్న వీలాన్‌లకు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన భాగాలు, ఒక్కోదానికి ఒక నంబరు) ఇంకొకటి కలపాలంటే కమాండ్‌లో ‘యాడ్’ అనే మాట ఉండాలి. అది మరిచిపోతే పాత జాబితా మొత్తం పోయి కొత్త నంబరొక్కటే మిగులుతుంది. చేత్తో చేస్తే మొదటి స్విచ్ దగ్గరే నాలుక కరుచుకుంటాం. పైథాన్ లూపులో పెడితే నలభై స్విచ్‌లూ అయ్యాక తెలుస్తుంది. మేనేజ్‌మెంట్ వీలాన్ (మనం స్విచ్‌లోకి వెళ్లే దారి) కూడా పోయి ఉంటుంది కాబట్టి లాగిన్ కూడా అవ్వదు, నేరుగా స్విచ్‌కే తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని పరుగెత్తడమే. జూనిపర్ కంపెనీ పరికరాల్లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అనే కమాండ్ ఉన్నది ఇందుకే. మనం మళ్లీ ఖాయం చేయకపోతే, మామూలుగా పది నిమిషాల్లో, పాత కాన్ఫిగరేషన్ దానంతటదే వెనక్కి వస్తుంది. సిస్కోలో పాతకాలపు చిట్కా ఒకటుంది: మార్పు చేసే ముందే ‘రీలోడ్ ఇన్ 10’ (పది నిమిషాల్లో రీస్టార్ట్ అయి, సేవ్ చేసి ఉన్న పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది) కొట్టి ఉంచడం, అంతా సరిగా ఉందని తేలేదాకా సేవ్ చేయకపోవడం.

రెండోది, రాసి మరిచిపోవడం. ఇది నా నెత్తి మీదికే వచ్చింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ 90 రోజులకు ఇచ్చింది, రెన్యువల్ క్రాన్‌లో ఉంది, లాగ్‌లో సక్సెస్ అని ఉంది. అయినా ఒక ఉదయం క్లయింట్ సైట్ నిండా బ్రౌజర్ హెచ్చరికలు. కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీద భద్రంగానే ఉంది. దాన్ని అందుకునేలా ఎన్‌జింక్స్‌ని (సైట్‌ని నడిపే వెబ్ సర్వర్) రీలోడ్ చేయమని మాత్రం నేను స్క్రిప్టుకు చెప్పలేదు. ఇప్పుడు లాగ్‌ని నమ్మను, బయటి నుంచి సైట్‌కి కనెక్ట్ అయి గడువు తేదీ చూసే చెక్ వేరే పెట్టుకున్నాను.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌కి 2017 జనవరి 31న ఇంతకంటే ఘోరం. పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాక బ్యాకప్ కోసం వెతికితే, వెర్షన్ తేడా వల్ల ఆ ఆటోమేటిక్ బ్యాకప్ ఫెయిలవుతూ ఉందని తేలింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఒక ఇంజనీర్ వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్టే (అప్పటి డేటాకి నకలు) ఆదుకుంది.

మూడోది, జీతం దండగ అన్నది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ల ఫైళ్లు దాచే క్లౌడ్ సేవ ఎస్3లో ఒక కమాండ్ తప్పుగా కొట్టడంతో అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తప్పుకున్నాయి. తర్వాత వాళ్లు ఆ టూల్‌ని నెమ్మదిగా పనిచేసేలా మార్చారు, కనీస సామర్థ్యానికి దిగువకు పోకుండా అడ్డం పెట్టారు. ఆ కనీసం ఎంతో లెక్కగట్టేది ఈ దండగమారి అడ్మినే.