నీలం మూత

హెవీ లైసెన్సు చేతికొస్తే లారీ ఉద్యోగం దానంతటదే వస్తుందనుకునే కుర్రాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క పూట తిరిగితే చాలు, భ్రమ వదిలిపోతుంది. ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెట్లెక్కినా మొదటి ప్రశ్న ఒకటే. "ఇంతకుముందు ఎవరి బండి మీద చేశావ్?" ఎవరి బండి మీదా చెయ్యలేదంటే "అయితే ఎక్కడన్నా చేసి రా" అంటారు. ఆ ఎక్కడన్నా ఎక్కడుందో మాత్రం చెప్పరు. అందరూ పక్కవాడి బండి మీదే నేర్చుకుని రావాలంటే ఆ పక్కవాడు ఎవరై ఉంటాడో ఆటోనగర్‌లో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

సర్కారు మాత్రం అడగాల్సినవన్నీ అడుగుతుంది. ముందు లైట్ మోటార్ లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 నిండాలి, అప్పుడుగానీ ట్రాన్స్‌పోర్టు ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. డాక్టరు సంతకంతో ఫారం 1ఎ, డ్రైవింగ్ స్కూలు ముద్రతో ఫారం 5 పట్టుకెళ్లాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు టెస్టు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనని 2019లో ఎత్తేశారు. ఇన్ని ఫారాల్లో ఎక్కడా "అనుభవం" అనే గడి లేదు. ఓనర్లేమో ఆ గడి తప్ప మిగతా ఏదీ చదవరు.

దారులు లేవని కాదు. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపైతే లైట్ లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి ఏ టాటా ఏసో, బొలెరో పికప్పో పట్టుకుని గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టు చుట్టూ ఓ ఏడాది తిరిగితే, ఆ తర్వాత ఎవరైనా అడిగినప్పుడు చెప్పుకోడానికి ఒక ఓనరు పేరుంటుంది. రెండోది తాతల కాలంనాటి దారి, క్లీనరుగా ఎక్కడం. లోడు మీద పట్టా కప్పాలి, తాడు బిగించాలి, రాడ్డుతో జంట టైర్లు కొట్టి చప్పుడు తేడాని బట్టి లోపలి టైర్లో గాలి ఉందో లేదో చెప్పాలి, రివర్సులో వెనకాల నిలబడి "రానీ, రానీ" అనాలి.

మన కుర్రాడు రెండో దారి పట్టాడు. చేతిలో హెవీ లైసెన్సుంది, చేసేది క్లీనరు పని, జీతం సంగతి "చూద్దాంలే". తాళంచెవి మాత్రం సీనియర్ డ్రైవరు మొలతాడుకే ఉండాలని ఓనరు గారి ఉత్తరువు. అనుభవం లేనివాడి చేతికి తాళం ఇవ్వడమేంటని ఆయన వాదన. ఇది గుర్తుపెట్టుకోండి.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించుకున్న పది చక్రాల బండి హైవే మీద ఒక బంకులో ఆగింది. డీజిలు పట్టించారు. సీనియర్ గారు భుజాన తుండు వేసుకుని స్నానానికి వెళ్తూ వెళ్తూ, "అబ్బాయ్, యూరియా పొయ్యి. నీలం మూత" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనల ప్రకారం వస్తున్న పెద్ద లారీలకి డీజిలు ట్యాంకు పక్కనే ఇంకో చిన్న ట్యాంకుంటుంది. అందులో పోసేది 32.5 శాతం యూరియా, మిగతాదంతా ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలానికి చల్లే యూరియాని కుళాయి నీళ్లలో కలిపి పోసి చూద్దామనే మేధావులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల మాట వింటే సైలెన్సర్లో ఉండే ఖరీదైన సరుకంతా పాడవుతుంది. ఈ ద్రవం ఇంజన్లోకి పోదు. వేడి పొగలోకి చిమ్ముతుంది, అక్కడ అమ్మోనియాగా మారి, పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువుల పని పడుతుంది. 100 లీటర్ల డీజిలుకి సుమారు నాలుగైదు లీటర్లు తాగుతుంది. అయిపోతే ముందు మీటరు బోర్డులో దీపం వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి లాగడం మానేస్తుంది.

కంపెనీ వాళ్లు తెలివిగానే చేశారు. యూరియా ట్యాంకు మూతి సన్నగా పెట్టారు, డీజిలు గన్ను అందులో దూరదు. కానీ డీజిలు ట్యాంకు మూతి పెద్దది, అందులోకి ఏదైనా దూరుతుంది. పైగా మన దగ్గర యూరియా గన్నుతో పట్టేది ఎక్కడోగానీ, మామూలుగా 20 లీటర్ల బకెట్టూ ప్లాస్టిక్ గరాటానే. అందుకే మిగిలిన ఒకే ఒక్క రక్షణగా యూరియా మూతకి నీలం రంగు వేశారు.

ఆ రక్షణ మీదికి పెయింటర్ వచ్చాడు.

ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకి, ముందు బండికి రంగు కొట్టించడం ఆచారం. రెండు కళ్లు, నాలుగు తామరపూలు, వెనక తలుపు మీద హారన్ కొట్టమని ప్రార్థన, బంపరు కింద నల్ల కుచ్చు. పువ్వుల అంచులకి తెచ్చిన నీలం రంగు డబ్బా అడుగున కాస్త మిగిలితే, పారెయ్యడానికి మనసొప్పక కళాహృదయుడు దాన్ని డీజిలు మూతకి కొట్టాడు. దుమ్ము పట్టి వెలిసిన అసలు నీలం మూతకి ఛాసిస్ రంగే పూసేశాడు. పక్కనున్న స్టిక్కరు కూడా ఆ రంగు కిందే సమాధైంది. రెండో తామరపువ్వుకి ఎనిమిది రేకులు లెక్కపెట్టి వేసినవాడు "యూరియా" అని మూడక్షరాలు రాయలేకపోయాడు.

డీజిలు పట్టిన బంకు కుర్రాడు మూత ఊరికే పెట్టి తాళం వెయ్యడం మరిచాడు. మనవాడు బకెట్టు ఎత్తాడు, నీలం మూత తీశాడు, గరాటా పెట్టాడు, పొయ్యడం మొదలెట్టాడు. డీజిలు వాసన రాలేదా అంటే, బంకులో ఏ మూల నిలబడ్డా వచ్చేది ఆ వాసనే. ట్యాంకు పొంగలేదా అంటే, ఈ ఓనరు గారు జన్మలో ఫుల్ ట్యాంకు కొట్టించలేదు.

పక్కనే పంక్చర్ షాపాయన ముక్కాలిపీట మీద కూర్చుని మొదటి చుక్క నుంచీ చూస్తున్నాడు. బకెట్టు సగం దాటాక తీరిగ్గా అడిగాడు. "తమ్ముడూ, డీజిలు ట్యాంకులో నీళ్లలాంటిది పోస్తున్నావు, ఇది కొత్త మోడలా?"

గరాటా కిందపడింది.

అప్పుడు కుర్రాడు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. క్యాబిన్ తలుపు ముందు రెండు చేతులూ చాచి నిలబడి "ఎవరూ తాళం తిప్పొద్దు" అన్నాడు. కొన్ని బళ్లలో తాళం ఆన్ చేసినా చాలు, ఫీడ్ పంపు ట్యాంకులో ఉన్నది ఇంజన్ వైపు లాగడం మొదలుపెడుతుంది. తాళం తిప్పకుంటే పోయేది కొంచెమే. బ్యాటరీ స్విచ్చి కట్టేసి, ట్యాంకు అడుగు బోల్టు విప్పి మొత్తం దించేసి, కడిగి, రెండు ఫిల్టర్లు మార్చుకుంటే సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

ఈలోగా సలహా సంఘం సమావేశమైంది. లీటరు కిరోసిను కలిపితే విరిగిపోతుందన్నారొకరు. కాసేపాగితే అడుగున పేరుకుంటుంది, పైనుండే డీజిలుతో కలకత్తా దాకా పోవచ్చన్నారు ఇంకొకరు. పేరుకోవడం నిజమే, యూరియా ద్రవం డీజిలుకన్నా బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. ట్యాంకులోంచి లాగే పైపు కూడా సరిగ్గా ఆ అడుగునే ఉంటుంది. అంటే ఇంజన్‌కి మొదట అందేది అదే. ఇది చెప్పబోతే "నువ్వు నిన్నగాక మొన్నొచ్చావు" అని నోరు మూయించారు. ఓనరు గారు ఫోన్లో మిర్చికి ఎండ తగలకుండా చూడమన్నారు.

ఈ గందరగోళంలోకి సీనియర్ గారు తడి తలతో ప్రవేశించారు. "బాబాయ్, తిప్పొద్దు బాబాయ్" అని కుర్రాడు అంటూనే ఉన్నాడు. "తప్పుకో అబ్బాయ్, నువ్వు పుట్టకముందు నుంచి స్టీరింగు పట్టాను. ఇంజన్ ఏమంటుందో చూద్దాం" అని ఎక్కి, మొలతాడుకున్న తాళం తీసి, తిప్పాడు.

ఇంజన్ బ్రహ్మాండంగా స్టార్టయింది. ఫిల్టర్లో, పైపుల్లో మిగిలిన మంచి డీజిలుతో కాసేపు హాయిగా తిరిగింది. సీనియర్ గారు కిటికీలోంచి చుట్టూ చూసిన ఆ చూపు ఏ మంత్రిగారి ప్రమాణస్వీకారంలోనూ కనపడదు. తర్వాత దగ్గింది. డీజిల్లో నీళ్లున్నాయని చెప్పే దీపం వెలిగింది. ఆగిపోయింది.

ఇక్కడైనా ఆపొచ్చు. కానీ అనుభవం ఊరుకోదు. "ఎయిర్ పట్టింది" అని తేల్చి, దిగి, ఫిల్టరు మీది చేతి పంపు కసిగా కొట్టి, అప్పటిదాకా దారిలో ఉన్న సరుకుని హైప్రెషర్ పంపు దాకా స్వహస్తాలతో చేర్చి, మళ్లీ మళ్లీ సెల్ఫు కొట్టాడు. ఆ పంపు లోపలి భాగాలకి గ్రీజైనా ఆయిలైనా డీజిలే. నీళ్లు తగిలితే ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఇంజెక్టర్ల సూదుల సందులు మైక్రాన్ల లెక్కలో ఉంటాయి. ఆరిన యూరియా అక్కడ తెల్లగా గట్టిపడితే ఇంజెక్టర్లని విప్పి టెస్టు బెంచి మీద పెట్టి చూడాల్సిందే.

బండిని గొలుసు కట్టి ఆటోనగర్‌కి లాక్కొచ్చారు. మిర్చి వేరే బండిలోకి మారింది, హమాలీ ఖర్చుతో సహా. మెకానిక్ ట్యాంకు దించుతుంటే ఓనరు గారు పక్కనే కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నారు, అనుభవం లేనివాణ్ణి ఎక్కించుకుంటే ఇంతేనండీ అని. సీనియర్ గారు తలూపుతున్నారు. రెండు ఫిల్టర్ల డబ్బులు కుర్రాడి జీతంలో విరుగుతాయట. ఇంకా ఎంతో తేలని జీతంలో ఎలా విరుస్తారో ఆయనకే తెలియాలి. పంపు, ఇంజెక్టర్ల ఖర్చు ఎవరిదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మూతల రంగు మార్చమని పెయింటర్‌కి ఫోను చేశారు. పాత బాకీ తీరిస్తేగానీ బ్రష్షు ముట్టనన్నాడు.