వండర్‌వుమన్ చేతులెత్తింది

బతుకమ్మ ముందు వారం. హనుమకొండ చౌరస్తా సందులోని టైలర్ షాపులో బ్లౌజు పీసులు మనిషెత్తు పేరుకున్నాయి. ఆ గుట్ట దాటుకొని ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఫోన్ చూపించింది. యూనివర్సిటీ ఫెస్ట్‌కు అమెరికా కామిక్స్ హీరోయిన్ వండర్‌వుమన్ వేషమట.

టైలరక్క బొమ్మను పెద్దది చేసింది, చిన్నది చేసింది.

"భుజాల మీద పట్టీలేవి బిడ్డా?"

"ఉండయక్కా."

"మరి దేని మీద ఆగుతది?"

1941లో పుట్టిన వీరనారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మామూలు బ్లౌజు భుజాలకు వేలాడుతుంది. పట్టీలు లేనిది నడుము మీద నిలబడాలి. అందుకు లోపల లైనింగు, కాన్వాసు, ప్రతి జాయింటు వెంట నిలువునా 'బోన్' అనే ప్లాస్టిక్ బద్ద, నడుము చుట్టూ సాగని పట్టీ, పై అంచుకు గ్రిప్ ఎలాస్టిక్ కావాలి. కామిక్ గీసేవాడికి ఇవేవీ అక్కర్లేదు. ఒంటి గీత గీసి ఎర్ర రంగు నింపితే చాలు, ఇంకు ఎన్నడూ జారదు.

పిల్ల జేపీఎన్ రోడ్డులో రెండు మీటర్ల మెరుపు లైక్రా తెచ్చింది. అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. లైక్రా సాగుతుంది కాబట్టి ఛాతీ 34 ఉంటే 31కే కత్తిరించాలి. అక్క చెయ్యేమో ముప్పై ఏళ్ల అలవాటుకొద్దీ రెండంగుళాలు లూజు కలిపి 36 కోసింది. పైగా కాటన్‌కు వాడే సూది, నిలువు కుట్టు. మొన తేలిన సూది లైక్రా పోగుల్ని పొడుస్తుంది, కుట్లు దాటేస్తుంది. బట్ట సాగితే దారం సాగదు. దీనికి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, జిగ్‌జాగ్ కుట్టు ఉండాలి. ట్రయల్‌లో పిల్ల ఊపిరి పీల్చగానే పక్క కుట్టు టపటపా వేరుసెనక్కాయలా విచ్చుకుంది.

విప్పి, 31కి కోసి, సూది మార్చి కుట్టారు. నిలబడితే బ్రహ్మాండం.

"ఏదీ, కత్తి లేపు," అంది అక్క.

చెయ్యి లేస్తే పక్కటెముకలూ లేస్తాయి. బట్ట మాత్రం నడుము దగ్గరే ఉండిపోతుంది. పిల్ల గభాల్న రెండు మోచేతులూ పక్కలకు అదిమింది. ఒక చేత్తో డ్రెస్సు పైకి లాక్కోవాలి, ఇంకో చేత్తో పాశం విసరాలి. డాలుకు మూడో చెయ్యి కావాలి.

తోడొచ్చిన తమ్ముడు కామిక్స్ పిచ్చోడు. "వాళ్లకు పవర్లుంటయక్కా, బట్టలెందుకు?"

"సూపర్‌మ్యాన్‌కు తూటా తగిలినా ఏం గాదంటివి గదరా. మరి ఆయినె మెడ దాక ఎందుకు కప్పుకున్నడు?"

వాడు పవర్‌గర్ల్ బొమ్మ తీశాడు. 1976లో వచ్చిన పాత్ర. తెల్ల డ్రెస్సుకు ఛాతీ నడుమ గుండ్రటి సందు. "కిటికీ ఎనుక పెడ్తరు గని, ముందట పెట్టుడేంది? గాలికా?" అంది అక్క. ఛాతీ, వీపు ఒకేసారి కనపడేలా మెలికలు తిరిగిన ఇంకో భంగిమను తమ్ముడితోనే పెట్టించింది. వాడి మెడ పట్టేసింది. అలాంటి భంగిమల్లో మగ హీరో హాకైని గీసి నవ్వుకునే ఆట 2012లో నెట్‌లో మొదలైంది. పాపం, వాడి మెడకు ఆ సంగతి తెలియదు.

"రామప్పల మదనికలు లేరా మరి?" మెడ పట్టుకొనే వాదించాడు.

"రాయి ఉరుకుతదారా?"

2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఈ వండర్‌వుమన్‌ను గౌరవ రాయబారిని చేస్తే, ఆ వేషం చూసి వేలమంది వద్దని సంతకాలు పెట్టారు. డిసెంబరుకల్లా ఆ ముచ్చట ముగిసింది. అక్క దగ్గర అంతదాకా సాగలేదు, పది నిమిషాల్లో తేలిపోయింది. ఎర్ర రా సిల్కు, ప్రిన్సెస్ కట్, రెండంగుళాల భుజం పట్టీలు. గద్ద బొమ్మకు ఎవరిదో పట్టుచీర నుంచి మిగిలిన జరీ అంచు. కిందికి చుక్కల నీలం లంగా.

"నిక్కరు గదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

వాడి ఫోన్‌లోనే 1941 నాటి తొలి బొమ్మ దొరికింది. తెల్ల చుక్కల నీలం లంగా! అక్క కత్తెర అందుకుంది, మాట్లాడలేదు.

ఫెస్ట్ రోజు మైకు పట్టుకున్నాయన డాలు, కత్తి చూసి "ఇప్పుడు రాణీ రుద్రమ!" అని పిలిచాడు. చప్పట్లు మోగిపోయాయి. కాదు కాదంటూ పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

బట్ట అంగుళం కదల్లేదు.