తాజ్‌మహల్ కింద బంగారం లేదు బాబాయ్, ఇక ఆ ఫార్వర్డ్ ఆపు

పొద్దున ఆరున్నరకి ఒకసారి, ఏడింటికి ఇంకోసారి, తొమ్మిదికి మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మళ్ళీ అదే. "చచ్చేలోపు చూసి తీరాల్సిన ఆసియా అద్భుత కట్టడాలు, 99% మందికి తెలియని నిజాలు" అని పైన దీపాల బొమ్మలు, కింద "కనీసం పది మందికి పంపండి" అని. బాబాయ్ పంపాడు, గుంటూరు స్కూల్ బ్యాచ్‌లో ఇద్దరు పంపారు, ఆఖరికి మా ఆవిడ వంటింట్లో ఉండి హాల్లో ఉన్న నాకు పంపింది. నాలుగు రోజులు ఊరుకున్నా. ఐదో రోజు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చేసేదేం లేక మొత్తం చదివా. చదవకుండా ఉండాల్సింది.

మొదటిది, చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనపడుతుందట. ఇది మా నాన్న నిక్కర్లు వేసుకున్న రోజుల నుంచీ తిరుగుతోంది. పొడుగు చూసి మోసపోతున్నారు గానీ దూరం నుంచి కనపడాలంటే కావాల్సింది వెడల్పు. 2012లో చైనా వాళ్ళు అన్ని కాలాల గోడలూ కలిపి లెక్కేస్తే 21,196 కిలోమీటర్లు తేలింది, కాదన్లేదు, కానీ అడ్డంగా చూస్తే చాలా చోట్ల ఐదారు మీటర్లే. మన గుంటూరు–విజయవాడ హైవే అంతకంటే ఎన్నో రెట్లు వెడల్పు. చంద్రుడేమో 3,84,000 కిలోమీటర్ల అవతల. అక్కణ్ణుంచి గోడ కనపడేటట్టయితే కాజ టోల్‌గేట్ దగ్గర సంక్రాంతి క్యూ కూడా కనపడాలి. 2003లో చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివే, చంద్రుడి దాకా కూడా కాదు, జస్ట్ భూమి చుట్టూ తిరిగొచ్చి నాకైతే గోడ కనపడలేదని చెప్పేశాడు. వాళ్ళ మనిషే చెప్పాక మన గ్రూప్ అడ్మిన్‌కి ఏం కనపడిందో.

రెండోది, కంబోడియాలో ఉన్న అంగ్‌కోర్ వాట్ గుడి కట్టించింది అమరావతి నుంచి ఓడెక్కి వెళ్ళిన తెలుగు రాజట. అబద్ధమెందుకు, చదవగానే నాకూ ఒక్క క్షణం ఛాతీ ఉబ్బింది. కానీ కట్టించింది ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మన్, 12వ శతాబ్దం మొదటి సగంలో, విష్ణువు కోసం, పడమటి ముఖంగా. రాయి కులెన్ కొండల నుంచి నీళ్ళ మీద తెచ్చుకున్నారు. ఆవరణ మొత్తం దగ్గర దగ్గర 400 ఎకరాలు. అక్కడ ఒక గోడ నిండా సముద్ర మథనం చెక్కారు, వాసుకిని అటు 92 మంది అసురులు, ఇటు 88 మంది దేవతలు పట్టుకుని లాగుతుంటారు. కథ మన వైపు నుంచి వెళ్ళింది, నిజమే. పక్కింటోళ్ళు మన దగ్గర గోంగూర పచ్చడి నేర్చుకుని మనకంటే బాగా చేస్తే వాళ్ళ వంటిల్లు మనదైపోతుందా? వాళ్ళ జెండా మీద ఆ గుడి బొమ్మ వేసుకున్నారు, వదిలేయండి వాళ్ళని. మన గొప్ప చెప్పుకోవాలంటే నిజాలే ఉన్నాయి, అమరావతి శైలి బుద్ధ విగ్రహాలు శ్రీలంక నుంచి వియత్నాం దాకా దొరికాయి. అది రాస్తే బాగుండేది, రాయలేదు.

మూడోది తాజ్‌మహల్ కట్టిన ఇరవై వేల మంది చేతులు షాజహాన్ నరికించేశాడు అని. 1632లో తాజ్ పని మొదలైంది, అది నడుస్తుండగానే 1639లో ఢిల్లీలో ఎర్రకోట మొదలుపెట్టాడు, ఆ తర్వాత 1650లో జామా మసీదు. మరి ఇవన్నీ కాళ్ళతో కట్టారా? తాజ్ ప్లాన్ గీశాడని చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరే ఎర్రకోట దగ్గర కూడా వినపడుతుంది. తాజ్ పక్కనే తాజ్‌గంజ్‌లో పాలరాతిలో రంగురాళ్ళు పొదిగే పచ్చీకారీ పనివాళ్ళు ఇవాళ్టికీ కూర్చుని పని చేస్తున్నారు, వెళ్ళినప్పుడు ఆ సందులోకి కూడా వెళ్ళి చూడండి. ఇంత పని చేసిన వాళ్ళ గురించి మనం చెప్పుకునే ఏకైక విషయం చేతులు తెగాయని, అది కూడా జరగనిది.

ఇప్పటిదాకా చెప్పినవి చదివి నవ్వుకుని వదిలేయొచ్చు. ఐదో పాయింట్ అలా కాదు, అసలు నేనిది రాయడానికి కూర్చుంది దాని కోసమే. ఉన్నదున్నట్టు దింపుతున్నా: "ప్రతి పురాతన కట్టడం కింద నిధి ఉంటుంది. పెట్రా ఖజానాలో, తాజ్ కింద 22 గదుల్లో, మన అమరావతి స్తూపం కింద టన్నుల బంగారం ఉంది. ప్రభుత్వాలు దాస్తున్నాయి. మీ ఊరి పాత గుడిలో కూడా ఉండొచ్చు."

ఆ చివరి లైన్ రాసినోడు దొరికితే ఒకసారి మాచర్ల వైపు తీసుకెళ్ళాలనుంది.

ముందు పెట్రా. జోర్డాన్‌లో గులాబీ రంగు ఇసకరాతి కొండని పైనుంచి కిందకి చెక్కుకుంటూ వచ్చారు నబాటియన్లు అనే పాతకాలపు అరబ్బులు, ముందు వైపు మొత్తం సుమారు 40 మీటర్ల ఎత్తు. (జిన్నులు ఒక్క రాత్రిలో కట్టారని ఇంకో పాయింట్‌లో రాశాడు, దానికి జవాబు చెప్పే ఓపిక లేదు.) ఖజానా అని పేరు తర్వాత ఎవరో పెట్టారు, పైన చెక్కిన రాతి కలశంలో ఫారో దాచిన బంగారం ఉందని అక్కడి వాళ్ళు నమ్మి, తుపాకులతో కాల్చారు, పగిలితే బంగారం రాలుతుందని. ఆ గుండు దెబ్బలు ఇప్పటికీ కలశం మీద కనపడతాయి. కలశం బోలుది కాదు, నిండా రాయే. వాట్సాప్ లేని రోజుల్లో కూడా ఫార్వర్డ్‌లు ఉండేవన్నమాట, డేటా ప్యాక్ బదులు తూటా ఖర్చయ్యేది.

తాజ్ 22 గదులు. కోర్టుకి కూడా వెళ్ళారు తలుపులు తెరిపించమని, 2022 మే నెలలో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ కొట్టేసింది. పురావస్తు శాఖ వాళ్ళు లోపల రిపేర్లు చేసినప్పటి ఫొటోలు అప్పటికే బయట పెట్టారు, పెచ్చులూడిన గోడలు, వాటికి కొత్తగా గచ్చు వేస్తున్న మేస్త్రీలు. ఆ ఫొటోలు ఎవరూ ఫార్వర్డ్ చేయరు, గచ్చులో మజా ఏముంది.

ఇక మన అమరావతి. టన్నుల బంగారమట! 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ వచ్చేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కొత్త ఊరి కోసం ఇటుకలూ రాళ్ళూ ఆ స్తూపం దిబ్బ నుంచి తవ్వుకుపోతున్నారు. మళ్ళీ 1816లో ఆయన వచ్చి చూస్తే నడిమధ్య గుంట పెట్టి నీళ్ళు నింపి ఉంది. చెక్కిన పలకల్లో కొన్ని మెట్లయ్యాయి, కొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో కొన్ని లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నైలో ఉన్నాయి. తెల్లోళ్ళు ఎత్తుకుపోయారని అందరం తిడతాం, నేనూ తిడతాను, కానీ మొదటి గునపం మనదే. ఆ స్తూపానికి 14వ శతాబ్దంలో కూడా శ్రీలంక నుంచి మనిషి వచ్చాడు, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు అదే) రెండంతస్తుల విహారం బాగు చేయించాడని శ్రీలంకలోని 1344 నాటి గడలదెనియ శాసనంలో ఉంది. సముద్రం దాటొచ్చిన వాడు బాగు చేయించాడు, పక్క ఊరి వాళ్ళం మనం పీక్కుపోయాం. నేనేమీ మొనగాణ్ని కాదు లెండి, పుట్టింది గుంటూరు బ్రాడీపేటలో, అమరావతి బస్సెక్కితే గంటన్నర కూడా పట్టదు, అక్కడ మ్యూజియంలో అడుగుపెట్టింది నలభై దాటాక.

నిధి అస్సలు దొరకలేదా అంటే, దొరికింది. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే రాతి పెట్టెలు, స్ఫటికపు భరిణె, వేలెడంత లేని బంగారు పూలు దొరికాయి. అన్నిటికంటే విలువైనది ఆ పెట్టెల అంచుల మీద గీసిన అక్షరాలు, మన లిపి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేటప్పుడు ఇవాళ్టికీ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. దాన్ని కరిగించి తులాల్లో అమ్మలేం.

ఇప్పుడు మాచర్ల వైపు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పొలాల మధ్య పాత శివాలయం ఉంది, గోపురం గీపురం ఏం లేదు, నాలుగు స్తంభాలు, ఒక గర్భగుడి, బయట నల్లరాతి నంది. నేను డిగ్రీలో ఉండగా ఒక పొద్దున ఊళ్ళో గోల. వెళ్ళి చూస్తే నంది ఉన్న చోట నడుం లోతు గొయ్యి, నాలుగు మూలలా కోసిన నిమ్మకాయలు, పసుపు కుంకుమ, కోడి ఈకలు, రెండు ఖాళీ వాటర్ ప్యాకెట్లు. నందిని పక్కకి దొర్లించి మోపురం దగ్గర సమ్మెటతో కొట్టి రెండు చెక్కలు చేశారు, ఎందుకంటే నంది పొట్టలో వజ్రాలుంటాయని ఎవడో ఎవడికో చెప్పాడు. లోపల ఏముంది? చీల్చిన చోట రాయి తళతళా మెరుస్తోంది అంతే, వెయ్యేళ్ళుగా ఎండ తగలని రాయి. ఎడమ చెవి విరిగి గొయ్యిలో పడింది. మా అమ్మమ్మ గొయ్యిలోకి దిగబోతే పట్టుకుని ఆపాం, "ఆ చెవిలోనేరా మీ అమ్మ పెళ్ళి కుదరాలని చెప్పుకున్నా" అంది. పూజారి గారు చెంబు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు, అభిషేకం నీళ్ళు ఏ చెక్క మీద పోయాలో తెలియక. తర్వాత ఊరోళ్ళు సిమెంటుతో అతికించారు, చెవి మాత్రం సరిగ్గా కుదరలేదు, కొంచెం వెనక్కి వంగి ఉంటుంది, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు.

తవ్వినోళ్ళు దొరికారా అని అడక్కండి. వాళ్ళకి ఇలాంటి మెసేజ్ పంపినోడు మాత్రం మంచోడే అయ్యుంటాడు, మా బాబాయ్ లాగా, టీ తాగుతూ పది మందికి పంపి పేపర్ చదువుకుని ఉంటాడు. ఇంకో ముక్క, 1878 నాటి చట్టం ఒకటి ఉంది మనకి, భూమిలో పది రూపాయల కంటే విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కి చెప్పి తీరాలి. కాబట్టి దొరికినా చెప్పకుండా జేబులో వేసుకోవడానికి లేదు బాబాయ్.

మిగతావి గబగబా. ఇండోనేషియాలో ఉన్న బోరోబుదూర్ బౌద్ధ కట్టడంలో గంట ఆకారం స్తూపం కంతలోంచి చెయ్యి పెట్టి లోపలి బుద్ధుణ్ణి ముట్టుకుంటే కోరిక తీరుతుందట. 504 బుద్ధ విగ్రహాల్లో ఎన్నో తలలు లేకుండా ఉన్నాయి, పీక్కెళ్ళే వాళ్ళు ఎక్కువై. ఇప్పుడు మెట్లు అరగకుండా పైకెక్కే వాళ్ళకి అల్లిన చెప్పులు ఇస్తున్నారు. చేతులు జేబులో పెట్టుకోండి.

ఖాట్మండు పశుపతినాథ్ గుడికి "ఆధార్ చాలు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు" అని టిప్ ఒకటి. విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్ట్ లేకపోతే ఓటరు కార్డు కావాలి, ఆధార్ పనికొచ్చేది పదిహేనేళ్ళ లోపు పిల్లలకీ అరవై ఐదు దాటిన వాళ్ళకీ. మా పై ఫ్లోర్ వాళ్ళు ఐదుగురు వెళ్తే తాతయ్య గారికి, చిన్న పిల్లకి బోర్డింగ్ పాస్ ఇచ్చి మిగతా ముగ్గురినీ కౌంటర్ దగ్గరే ఆపేశారు. తాతయ్య గారు "పోనీ మేమిద్దరం వెళ్ళొస్తాం" అన్నారట. నవ్వొస్తుంది గానీ టికెట్ల డబ్బు పోయింది.

ఇక ఆఖరిది. చైనా గోడ సున్నంలో అన్నం కలిపి కట్టారు అని. దీనికి నేను గ్రూప్‌లో "పప్పు, ఆవకాయ కూడా కలిపారా" అని పెట్టాను, పదకొండు మంది నవ్వారు. తర్వాత ఇదంతా రాద్దామని కూర్చుని వెతికితే, నిజమే. మింగ్ కాలంలో జిగురు బియ్యం వండిన గంజి సున్నంలో కలిపారు, 2010లో చైనా శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చెప్పారు, గంజిలో ఉండే అమైలోపెక్టిన్ అనే పిండిపదార్థం వల్ల సున్నం స్ఫటికాలు పెద్దగా పెరక్కుండా చిన్నచిన్నగా ఒత్తుగా కుదురుకుని గట్టిపడుతుందట. గ్రూప్‌లో సారీ చెప్పాను, దానికి ఒక్కడూ రియాక్ట్ అవలేదు.

అసలు నాకే గుర్తు రావాల్సింది. తెనాలిలో మా తాతయ్య ఇల్లు గానుగ సున్నంతో కట్టింది, ఎద్దుని కట్టి రాతి చక్రం తిప్పి ఇసకా సున్నం నూరేవాళ్ళు, అందులో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళని తాతయ్య చెప్తుంటే చిన్నప్పుడు కోతలనుకునేవాణ్ణి. అది పడగొట్టేటప్పుడు కూలీలు రెండ్రోజుల్లో అవుతుందని ఒప్పుకుని వారం చేశారు, గడ్డపార వేస్తే టంగుమని పైకి లేచేది, ఇటుక పగిలేది గానీ గచ్చు ఊడేది కాదు. ఆ గచ్చు పెళ్ళ ఒకటి తెచ్చుకున్నాం, కొబ్బరికాయంత ఉంటుంది. బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా మా అమ్మ దాన్నే అడ్డం పెడుతుంది.